సైరన్ మోగితే

ఆ ఏడాది ఈస్టరుకి ముందొచ్చే నలభై శ్రమదినాలు మొదలైన వారంలోనే మొగిలిపాళెం పొలాల్లో రిగ్గు నిలబెట్టాము. కొడవలూరు దాటి తూర్పుగా, సముద్రం వైపు వచ్చే దారిలో చివరి మలుపు తిరగగానే, పండబోతున్న వరి మీద అదొక్కటే నిలువుగా కనిపించేది. గుజరాతులోనూ అస్సాంలోనూ రాజమండ్రి చుట్టుపక్కలా ఎన్నో ఏళ్ళు గ్యాసు బావులు తవ్విన తర్వాత, నా భార్య పుట్టిన ఊరికి డ్రిల్లరుగా వచ్చాను. ఆ పొలం తూర్పు గట్టు అవతలే సమాధుల తోట. రిగ్గు మీద నుంచి పిలిస్తే పలికే దూరం. అబిగయీలు అక్కడే ఉంది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. మాకు పిల్లలు లేరు. అందువల్ల ఆమె తల్లి మగ్దలీనమ్మకీ నాకూ మధ్య ఇంకా ఏ బంధుత్వం మిగిలిందో మా ఇద్దరికీ సరిగ్గా తెలియదు.

క్యాంపులో మంచాలు చాలలేదు. దగ్గర్లో ఇల్లున్నవాళ్ళు ఇంటికి పోయి పడుకోవచ్చన్నారు. నాది సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా పని. తెల్లవారాక అత్తగారింటికి నడిచి వెళ్ళి, ముందు గదిలో నులకమంచం మీద పడుకునేవాణ్ణి.

మా వైపు పాత కుటుంబాల్లో అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, అతని ముందు తినదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే తలుపు పక్కన నిలబడి గోడకి చెప్పినట్టు చెబుతుంది. మగ్దలీనమ్మ ఆ పద్ధతిలో పెరిగిన మనిషి. "అన్నం పెట్టినా. చల్లారిపోతా ఉండాది," అనేది వంటింట్లోంచి, ఎవరితోనో అన్నట్టు. నేను లేచి వెళ్ళేసరికి పీట వేసి, పళ్ళెం మీద పళ్ళెం బోర్లించి ఉండేది. ఆవిడ వంటింటి తలుపు వెనక్కి తప్పుకునేది. కాసేపటికి, "ఉప్పు చాలిందో లేదో," అని వినిపించేది. చాలిందని నేనూ గోడకే చెప్పేవాణ్ణి.

రాత్రి పనివాడికి పగటి నిద్ర దక్కడం కష్టం. మొదటి కొన్నాళ్ళు సరిగ్గా పట్టలేదు. తర్వాత వీధిలో ఏదో మార్పు వచ్చినట్టు అనిపించింది. చేపలమ్మే పేరమ్మ కేక వేస్తే సముద్రం మీద పడవలు వెనక్కి తిరుగుతాయని ఊళ్ళో అనుకుంటారు. ఆమె మా ఇంటి ముందుకి వచ్చినప్పుడు మాత్రం అరుపు ఆగిపోయేది. ఒక రోజు మెలకువగా ఉండి విన్నాను. పేరమ్మ గంప దించి, గుమ్మం మీద వేలితో కొట్టి, "కానాగంతలుండాయి," అంది గుసగుసగా. మా అత్త బేరం కూడా గుసగుసగానే చేసింది.

"ఏందక్కా, బాలింతకి మల్లే కాపలా కాస్తుండావు నీ అల్లుడికి," అంది పేరమ్మ.

"అరిచినావంటే చీపురు తిరగేస్తా."

నేను పక్కకి తిరిగి మళ్ళీ నిద్రపోయాను. ఆ సంగతి ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

మార్చి నెలంతా బావి నెమ్మదిగా, ఏ పేచీ లేకుండా దిగింది. పొలాల్లో కోతలు మొదలయ్యాయి. రాత్రంతా మా ఇంజన్ల చప్పుడు, పగలంతా కోత మిషన్ల చప్పుడు. రిగ్గు గేటు దగ్గర పోలేరయ్య కాపలా ఉండేవాడు. బావికి పొలం ఇచ్చిన రైతుల్లో అతనొకడు. తన పొలానికి తానే కాపలా కాస్తున్నానని, తననే లోపలికి పోనివ్వవద్దని కంపెనీవాళ్ళు తనకే చెప్పారని, వచ్చిన ప్రతివాడికీ నవ్వుతూ చెప్పుకునేవాడు.

బావి లోతు పెరిగాక జాగ్రత్తలు మారాయి. మేము తవ్వుతున్నంతసేపూ మడ్ అనే బరువైన బురదనీటిని పంపులతో బావిలోకి పంపుతూ ఉంటాం. అది అడుగుదాకా పోయి మళ్ళీ పైకి వస్తుంది. కిందనున్న గ్యాసుని పైకి రానివ్వకుండా నొక్కి ఉంచేది దాని బరువే. ఒక్కోసారి గ్యాసు ఆ బరువుని తోసుకుని బయలుదేరుతుంది. అప్పుడు బావి నోటికి బిగించిన ఇనుప మూతను మూసి, సైరన్ మోగించాలి. ఆ శబ్దం వినగానే చుట్టుపక్కల పొయ్యి గాని, బీడీ గాని, దీపం గాని ఉండకూడదు. కంపెనీ మనిషి ఒకతను వచ్చి ఊరివాళ్ళని కూర్చోబెట్టి ఇదంతా చెప్పి, రిగ్గు చుట్టూ ఎర్ర జెండాలు పాతి వెళ్ళాడు. ఆ జెండాల వరస సమాధుల తోట మధ్యగా పోయింది. అబిగయీలు సమాధి జెండాలకి ఇవతల, రిగ్గు వైపే పడింది.

మట్టల ఆదివారానికి ముందు రిగ్గు పెద్ద మధుబాబు నన్ను పిలిచాడు. ఈస్టరు నాడు తోటలో కొవ్వొత్తులు వెలిగిస్తారని పోలేరయ్య చెప్పాడట. ఈ ఏడాది కుదరదని సంఘంవాళ్ళకి నన్నే చెప్పమన్నాడు. నేను ఆ ఊరి అల్లుణ్ణి కాబట్టి కంపెనీ కాగితం కంటే నా మాట మర్యాదగా ఉంటుందన్నాడు. అతను మంచివాడే. మంచివాళ్ళు చెడ్డ కబురు ఇంకొకరి చేత పంపిస్తారు.

ఈస్టరు నాడు ఇంకా చీకటి ఉండగానే సంఘమంతా తోటకి వెళుతుంది. ఎవరి సమాధుల మీద వాళ్ళు కొవ్వొత్తులు నిలబెట్టి, పాటలు పాడి, సముద్రం మీద వెలుగు వచ్చాక గుడికి పోతారు. కొవ్వొత్తులు అక్కడే వదిలేస్తారు. వాటంతట అవి కరిగి ఆరిపోవాలే గాని ఎవరూ ఊదరు. ఊదితే పోయినవాళ్ళని రెండోసారి సాగనంపినట్టని మా అత్త వయసువాళ్ళు అంటారు. ఆ మాట బైబిల్లో లేదని పాస్టరు అబ్రహాముగారు చాలాసార్లు చెప్పారు. బైబిల్లో లేనివాటినే మనుషులు ఇంకాస్త గట్టిగా పట్టుకుంటారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గుళ్ళో నిలబడి మధుబాబు మాట చెప్పాను. కోపం తెచ్చుకున్నవాళ్ళు కొద్దిమందే. ఎక్కువమంది నేలవైపు చూశారు. చచ్చినవాళ్ళకి కూడా ఆర్డరు వేస్తారా అని ఒకాయన అడిగాడు. ఆ ఒక్క రోజుకి రిగ్గునే పక్కకి జరుపుకోమనండని సంఘ పెద్ద క్రీస్తురాజు అన్నాడు. కొందరు నవ్వారు. స్త్రీల వరసలో మా అత్త నవ్వలేదు. చెంగు చివర మడతలు పెడుతూ కూర్చుంది. ఆ సమాధి కట్టిన తర్వాత వస్తున్న మొదటి ఈస్టరు అది. సిమెంటు పలక మీద కొవ్వొత్తి నిలబెట్టడానికి చిన్న గుంట ఆవిడే దగ్గరుండి మేస్త్రీ చేత చేయించింది.

నేను మధుబాబు దగ్గరికి తిరిగి వెళ్ళి ఇంకో దారి అడిగాను. కొవ్వొత్తులు వెలిగించనివ్వండి, సైరన్ మోగితే ఆ క్షణమే ఆర్పేటట్టు ప్రతి కుటుంబం చేత మాట తీసుకుంటామన్నాను. అతను చాలాసేపు ఆలోచించాడు. బావి కొన్ని రోజులుగా నిమ్మళంగానే ఉంది.

"ఒక్కటి మిగిలినా నీదే పూచీ, రాజ్ కుమార్," అన్నాడు చివరికి.

శుభశుక్రవారం ఆరాధన చివర అబ్రహాముగారు కుటుంబం పేరు కుటుంబం పేరు పిలిచారు. పిలిచినవాళ్ళు లేచి, ఆర్పుతామని చెప్పి కూర్చున్నారు. మగ్దలీనమ్మ పేరు వచ్చింది. ఆవిడ లేచింది గాని ఏమీ అనలేదు. పాస్టరుగారు రెండోసారి పిలిచారు. ఆవిడ అలాగే నిలబడింది. పురుషుల వరసలోంచి నేను లేచాను.

"ఆమె మాట నేనిస్తున్నానండీ," అన్నాను.

ఆవిడ తల తిప్పలేదు. కూర్చుంది.

ఆ సాయంత్రం నేను పనికి బయలుదేరుతుంటే తలుపు వెనక నుంచి మాట వచ్చింది.

"ఒకళ్ళ తరపున ఇంకొకళ్ళు మాటిచ్చే పద్ధతి యాడుండాదో. అడగనన్నా అడగాల గదా."

అడగాల్సిందేనని ఒప్పుకున్నాను. ఈస్టరు రాత్రి సెలవు తీసుకుని తోటకి పొమ్మని మధుబాబు చెప్పాడని, నేనే వద్దన్నానని కూడా చెప్పాను. సమాధి దగ్గర నాకు చేయాల్సిన పని ఏదీ కనిపించదు. రిగ్గు మీద, పైపుని పట్టి దింపే బ్రేకు దగ్గర కనిపిస్తుంది. తోటకి అంత దగ్గరగా బావి తెరుచుకుని ఉండగా, దాని మీద ఇంకొకరి చెయ్యి ఉండడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంత వివరంగా ఆవిడతో అనలేదు. ఆ రాత్రి బ్రేకు దగ్గర నేనే ఉంటానని మాత్రం అన్నాను.

"అయితే బావి అల్లుడి మాట వింటదేమో," అంది.

"వినదత్తా. ముందుగా అదే చెబుతుంది. మనం వినాలి."

నేను చెప్పులు వేసుకున్నాను.

"ఊదేది మాత్రం నా చేత కాదు," అంది తలుపు వెనక నుంచి.

నడిచి వెళ్ళిపోయాను.

ఈస్టరు తెల్లవారుజామున రిగ్గు మీద గాలి పడమటి నుంచి వీస్తోంది. మా తీరంలో ఆ వేళకి అంతే, నేల మీద గాలి సముద్రానికి పోతుంది. వెనక తెరిచి ఉన్న తలుపులోంచి నా వీపుకి తగిలి తోట వైపు పోతోంది. బ్రేకు మీద కుడిచెయ్యి పెట్టుకుని, అద్దాల గదిలో మీటర్ల ముళ్ళవైపు చూస్తూ నిలబడ్డాను. తూర్పు అద్దంలోంచి మొదటి కొవ్వొత్తి కనిపించింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత వరసలు వరసలుగా వెలిగాయి. వాటి మధ్య ఎవరు ఎవరో ఆ దూరం నుంచి తెలియదు. అబిగయీలు సమాధి ఎక్కడో నాకు తెలుసు కాబట్టి ఆ దీపం ఏదో తెలిసింది.

అప్పుడే పైపు కొసన ఉండే బిట్టు ఉన్నట్టుండి వేగంగా దిగింది. గట్టి నేలని తొలుస్తున్నది ఒక్కసారి మెత్తని ఇసకలోకి జారినట్టు అనిపించింది. బ్రేకు అదిమి, తవ్వడం ఆపి, పైపుని కొంచెం పైకి లాగాను. మడ్ తొట్టిలో మట్టం చూపించే ముల్లు ఉండాల్సిన చోటు కంటే రవ్వంత పైన ఉంది. పంపులు ఆపమన్నాను. పంపులు ఆపితే బావిలోంచి వచ్చే ధార కూడా ఆగాలి.

పంపుల చప్పుడు ఆగేసరికి పాట వినిపించింది. అంతమందీ కలిసి పాడుతున్నారు. రాత్రంతా ఆ ఇంజన్ల మధ్య ఉన్న చెవులకి అది చాలా దగ్గరగా అనిపించింది.

ధార ఆగలేదు. సన్నగా వస్తూనే ఉంది.

ఇలా చాలాసార్లు ఊరికే కూడా అవుతుంది. పంపులు ఆగాక నేల తాను పీల్చుకున్న మడ్డుని కాసేపు వెనక్కి వదులుతుంది, తర్వాత తగ్గిపోతుంది. ఇంకొంచెం చూద్దామని ఏ డ్రిల్లరైనా అనుకోవచ్చు. తర్వాత ఎవరూ తప్పు పట్టరు కూడా. కాని మా పనిలో మొదట నేర్పేది ఒకటుంది. ముందు మూసెయ్, తర్వాత అడుగు.

మూత మూశాను. ఎడమచేత్తో సైరన్ మీట నొక్కాను.

పాట మధ్యలో తెగిపోయింది. కొవ్వొత్తులు ఆరడం మొదలైంది. ముందు ఈ చివర, తర్వాత ఆ చివర, తర్వాత మధ్యలో. ఎవరూ పరుగెత్తలేదు. కంపెనీ మనిషి చెప్పినట్టు గాలికి అడ్డంగా, ఉత్తరం గట్టు మీదుగా కదులుతున్నారని టార్చిలైట్లను బట్టి తెలిసింది.

నా దగ్గర పనిచేసే ఫ్రెడ్డీ అదే సంఘం పిల్లవాడు. వాళ్ళమ్మ ఆ వేళ తోటలోనే ఉంది. అద్దానికి ముఖం ఆనించి చూస్తున్నాడు.

"ఒకటుండాదన్నా," అన్నాడు.

చూశాను. ఏదో నాకు తెలుసు.

"పోయి ఆర్పనా?"

"పో," అన్నాను. బ్రేకు వదిలి నేను కదలడానికి లేదు. అతను మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. గాలి ఇంకా నా వీపు వైపు నుంచే వస్తోంది. మూసిన మూత కింద ఒత్తిడి చూపే ముల్లు లేచింది, ఆగింది, మళ్ళీ లేచింది. కాబట్టి కింద ఉన్నది గ్యాసే. ఆ ముల్లుని చూశాను, దీపాన్ని చూశాను, మళ్ళీ ముల్లుని చూశాను.

ఫ్రెడ్డీ చివరి మెట్టు చేరకముందే దీపం పోయింది. గాలికి ఆరేటప్పుడు మంట ఒక పక్కకి వాలుతుంది. ఇది వాలలేదు. కన్ను మూసినట్టు ఉన్నచోటే పోయింది.

మిగతాదంతా రోజూ చేసే పనే. మధుబాబు పరుగున వచ్చి ముళ్ళు చూసి, నా భుజం మీద చెయ్యి వేసి తీశాడు. మడ్డు బరువు పెంచి, పట్టిన గ్యాసుని కొద్దికొద్దిగా బయటికి వదిలారు. సైరన్ ఆగేసరికి సముద్రం మీద ఎండ వచ్చేసింది. మళ్ళీ కొవ్వొత్తులు వెలిగించడానికి ఎవరూ రాలేదు. కింద ఉన్నది చిన్న గ్యాసు అర మాత్రమేనని తర్వాత తేలింది. అంతకు మించి ఏమీ దొరకలేదు. బావికి సిమెంటు పోసి, వానలకి ముందే రిగ్గు విప్పుకుపోయారు. నేను ఆ మే నెలలో కావలిలో నా అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఉన్న నాలుగు సామాన్లూ మొగిలిపాళెం తెచ్చుకున్నాను. ఎందుకని ఊళ్ళో ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్ద కారణం ఉండేది కాదు.

ఆ ఈస్టరు ఉదయం నేను పని దిగి వస్తుంటే గేటు దగ్గర పోలేరయ్య కుర్చీలోంచి లేచాడు. ఎప్పుడూ లేవడు.

"పండగ పూట ఇంటికి పోతుండావు గదా. అత్త అన్నం పెడతదంటావా?" అని అడిగాడు. నవ్వాలనుకున్నాడు గాని సరిగ్గా రాలేదు.

చూడాలన్నాను.

ఇంట్లో మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన వస్తోంది. స్నానం చేసి ముందు గదిలో కూర్చున్నాను. అన్నం పెట్టినానన్న మాట వస్తుందని కాసేపు చూశాను. రాలేదు. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. అంతకు ముందు ఎప్పుడూ అక్కడిదాకా పోలేదు.

ఆవిడ నిలబడి పళ్ళెంలో అన్నం పెడుతోంది. గరిటె ఎడమచేతిలో ఉంది. ఎడమచేత్తో ఇంటి కుక్కకైనా పెట్టని మనిషి. అన్నం సగం పళ్ళెంలో, సగం నేల మీద పడుతోంది. కుడిచెయ్యి చెంగు కింద దాచుకుంది.

"చేతికేమైందత్తా?"

"ఏం కాలా."

నేను అక్కడే నిలబడ్డాను. ఆవిడ గరిటె కింద పెట్టింది. కొంతసేపటికి చెంగు తీసింది. బొటనవేలు, చూపుడువేలు చివర్లు తెల్లగా పొంగి ఉన్నాయి. గోటి కింద మైనం ఉంది.

"ఊదలా," అంది. "ఒత్తి పట్టుకున్నా."

మంట మీద నీళ్ళయినా పోయాల్సిందన్నాను. పక్కనే పూలకి తెచ్చిన చెంబు ఉండే ఉంటుంది.

"ఉండింది. పోసేదానికి మనసు రాలా." ఆవిడ నా వైపు చూసింది. గోడ వైపు కాదు. "నువ్వు మాటిచ్చినావు గదా నాయనా."

కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచి, గిన్నెలో పోసి, ఆ వేళ్ళు అందులో ఉంచమన్నాను. ఉంచింది. పీట జరిపి కూర్చోమన్నాను. గుమ్మం వైపు ఒకసారి చూసి, కూర్చుంది. నేను ఎదురుగా నేల మీద కూర్చుని పళ్ళెం దగ్గరికి లాక్కున్నాను. అన్నంలో పులుసు పోసి కలిపాను. చేప ముక్క విప్పి ముళ్ళు తీసి పక్కన పెట్టి, ముద్ద చేశాను. ఆవిడ ఎడమచెయ్యి చాపబోయి ఆగింది. ఎడమచేత్తో తినదు. వీధిలో గుడి నుంచి వస్తున్నవాళ్ళు మా ఇంటి ముందు గొంతు తగ్గించుకుని నడిచారు.

ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్ళాను.

"ముల్లు చూడు," అంది.

ముద్ద విప్పి మళ్ళీ చూశాను. సన్నది ఒకటి ఉంది. తీసేశాను.